48 నిమిషాలకో గుక్క

ఉద్దానంలో మిషను కూత అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. పలాసలోనో, సోంపేటలోనో, టెక్కలిలోనో డయాలసిస్ గదిలో నాలుగేసి గంటలు పడుకున్నవాళ్లకి తెలుసు. వాళ్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని కాళ్లు నొక్కినవాళ్లకి తెలుసు. సూది గుచ్చిన చెయ్యి కాస్త మడత పడితే మిషను కూస్తుంది. గొట్టంలో గాలిబుడగ వస్తే కూస్తుంది. ఒత్తిడి పెరిగినా, తగ్గినా కూస్తుంది. చాలాసార్లు సిస్టర్ తాపీగా వచ్చి, చెయ్యి సరిచేసి, బటను నొక్కి వెళ్లిపోతుంది. అంతే. అయినా కూసిన ప్రతిసారీ గదిలోని తలలన్నీ ఒక్కసారే అటు తిరుగుతాయి. ఎవరిది? ఏమైంది?

కిందటేడు వేసవిలో మా పెదనాన్న ఇంట్లో, ఆయన మనవరాలూ నేనూ కలిసి కూసే డబ్బా ఒకటి చేశాం. ఎలక్ట్రానిక్స్ నేర్చుకునేవాళ్లు ఎవరైనా మొదట చేసేది అలాంటిదే. ఎల్‌ఈడీ ఒకటి వెలిగించాక, తర్వాత పాఠం శబ్దం. ఈ డబ్బా ఎలా పనిచేస్తుందో, మా ఇంట్లో అది ఏ పనికి వచ్చిందో చెప్తాను. సోల్డరింగ్ ఐరన్ ఎప్పుడూ ముట్టుకోనివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్పాలని ఉంది, ఎందుకంటే మా పెదనాన్నకి అర్థమైంది.

ముందు ఊరు. మాది వజ్రపుకొత్తూరు మండలం, సముద్రానికి నడిచి వెళ్లేంత దూరం. ఉద్దానం అన్న మాట ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. కొబ్బరి, జీడి, పనస. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తీరం దాటేవరకూ ఆ పేరుకి తగ్గట్టే ఉండేది. పెదనాన్న జీడితోట ఆ ఒక్క పూటలో వేళ్లతో సహా పడుకుంది. కిడ్నీలు ఆ తర్వాత పోయాయి. తోట ఎందుకు పోయిందో ఆయనకి తెలుసు, కిడ్నీలు ఎందుకు పోయాయో ఇప్పటికీ తెలీదు. ఆయనకి షుగరు లేదు, బీపీ లేదు. ఉద్దానం జబ్బు లక్షణమే అది. నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోవడం అన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ, ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. అక్కడా ఇవే అనుమానాలు. ఏ ఒక్కటీ ఇదేనని తేలలేదు.

ఒకప్పుడు మా వైపు డయాలసిస్ అంటే విశాఖపట్నం రైలెక్కడమే. ఇప్పుడు పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ఉన్నాయి. 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో ఊళ్లకి తెచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది. పెదనాన్న వారానికి రెండు రోజులు పలాస వెళ్లొస్తాడు. మిగిలిన అయిదు రోజులూ ఆయన శత్రువు దాహం.

కిడ్నీ పనిచేయకపోతే తాగిన నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. కాళ్లలోకి దిగుతుంది, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, గుండె మీద పడుతుంది. అందుకని డాక్టరు లెక్క కట్టి చెప్పాడు: రోజుకి లీటరు. టీ, మజ్జిగ, చారు అన్నీ కలిపి. లీటరు నీళ్లంటే కిలో బరువు కాబట్టి, ఎంత తాగాడో తూకం రాయి మీద నిలబడితే తెలిసిపోతుంది. జన్మంతా తోటలో కడవెత్తి తాగిన మనిషికి, మే నెల ఉక్కపోతలో, ఉప్పుగాలి కొట్టే ఊళ్లో, లీటరు. పెద్దమ్మ కాపలా. ఆయన పెరట్లోకి వెళ్తే వెనకాలే వెళ్తుంది. "ఏటి సేస్తన్నావు? సెంబు సప్పుడైనాది" అంటుంది. ఆయన సమాధానం చెప్పడు. ఆ ఇంట్లో నీళ్ల చప్పుడు కూడా దొంగతనం చప్పుడే అయిపోయింది.

మా అన్నయ్య కూతురు ఎనిమిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఫెయిర్‌కి ఏదైనా చెయ్యాలి. "మోగేది సెయ్యు సిన్నాన. మోగితేనే అందరూ సూస్తారు" అంది. నేను టెక్కలిలో చదువుకున్నది ఎలక్ట్రానిక్సే, హైదరాబాదులో చేసేది మాత్రం సాఫ్ట్‌వేరు. ఇద్దరం కాశీబుగ్గ వెళ్లాం. టీవీలు బాగుచేసే షాపాయన డ్రాయరు లాగి, పది రూపాయలకి ఒక చిప్పు అరచేతిలో పెట్టాడు.

"ఇదేటి సిన్నాన, పురుగులాగున్నాది."

నల్లటి ఒళ్లు, ఎనిమిది కాళ్లు. దాని పేరు 555. హాన్స్ కామెన్‌జిండ్ అనే స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఇంజనీరు 1971లో కాలిఫోర్నియాలో సిగ్నెటిక్స్ కంపెనీ కోసం దీన్ని గీశాడు. ఉన్న ఉద్యోగం మానేసి, కాంట్రాక్టు మీద, ఒక్కడే కూచుని గీశాడు. మొదటి నమూనా తనిఖీలో కూడా నెగ్గింది. దానికి తొమ్మిది కాళ్లు కావాలి. అప్పట్లో ఎనిమిది దాటితే పద్నాలుగు కాళ్ల పెద్ద డబ్బాయే గతి. కొన్నాళ్లకి ఆయనకి ఇంకో ఉపాయం తట్టింది. కెపాసిటర్‌ని నింపడానికి ప్రత్యేకంగా ఒక ఏర్పాటు ఎందుకు, మామూలు రెసిస్టర్ చాలదా? చాలింది. ఒక కాలు తగ్గింది. 1972లో అమ్మకానికి వచ్చింది. యాభై ఏళ్లు దాటినా కాశీబుగ్గ డ్రాయర్లో దొరుకుతోందంటే ఆ తగ్గిన కాలి పుణ్యం కూడా అందులో కొంత ఉంది.

చిప్పుకి ఒక చివర చిన్న నొక్కు ఉంటుంది. నొక్కు పైకి పెట్టి చూస్తే ఎడమ పక్కన పైనున్నది ఒకటో కాలు. అక్కణ్నుంచి కిందికి నాలుగు, మళ్లీ కుడి పక్కన కింద నుంచి పైకి నాలుగు. ఒకటో కాలు బ్యాటరీ మైనస్‌కి, ఎనిమిదోది ప్లస్‌కి. నాలుగోది కూడా ప్లస్‌కే, ప్రస్తుతానికి. ఎనిమిదికీ ఏడుకీ మధ్య ఒక కిలో ఓమ్ రెసిస్టర్: గోధుమ, నలుపు, ఎరుపు చారలు. ఏడుకీ ఆరుకీ మధ్య పది కిలో ఓమ్‌లది: గోధుమ, నలుపు, నారింజ. ఆరునీ రెండునీ ఒక వైరుతో కలపాలి. ఆ కలిపిన చోటు నుంచి మైనస్‌కి 104 అని రాసున్న చిన్న కెపాసిటర్. 104 అంటే పది పక్కన నాలుగు సున్నాల పికోఫారడ్‌లు, అంటే 0.1 మైక్రోఫారడ్. అయిదో కాలికీ మైనస్‌కీ మధ్య 103 రాసున్నది. మూడో కాలు నోరు. అక్కణ్నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా పాత రేడియో స్పీకరుకి, స్పీకరు రెండో వైరు మైనస్‌కి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ. బ్రెడ్‌బోర్డు మీద గుచ్చుకుంటూ పోవడమే, అతికించే పని లేదు. బ్యాటరీ మాత్రం తిరగేసి పెట్టకూడదు, చిప్పు కాలిపోతుంది.

బ్యాటరీ తగిలించగానే కూ అని ఒకటే కూత. పెద్దమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏటైంది? ఎవులికేటైంది?" ఆమెకి కూత అంటే అదే ప్రశ్న.

ఏమీ కాలేదని చెప్పి కూచోబెట్టి, లోపల ఏం జరుగుతోందో మనవరాలికి చెప్తూ ఆమెకీ చెప్పాను. కెపాసిటర్ ఒక చిన్న ట్యాంకు. రెసిస్టర్లు సన్నటి గొట్టాలు. చిప్పు లోపల మూడు సమానమైన రెసిస్టర్లున్నాయి, అవి బ్యాటరీ తొమ్మిది వోల్టుల్ని మూడు వాటాలు చేసి ట్యాంకు గోడ మీద రెండు గీతలు గీస్తాయి. కింద గీత మూడు వోల్టుల దగ్గర, పై గీత ఆరు దగ్గర. ట్యాంకు నిండుతూ పై గీత ముట్టుకోగానే చిప్పు "చాలు" అని ఏడో కాలు దగ్గర తూము తెరుస్తుంది. కరెంటు కారిపోయి కింద గీతకి చేరగానే తూము మూసేస్తుంది. మళ్లీ నిండుతుంది. నిండేటప్పుడు మూడో కాలు పైకి లేస్తుంది, ఖాళీ అయ్యేటప్పుడు కిందకి పడుతుంది. స్పీకరు అట్ట ఆ పడిలేవడాలతోపాటు కదులుతుంది. మేం పెట్టిన విలువలకి ఇది సెకనుకి సుమారు 685 సార్లు జరుగుతుంది. సెకనుకి 685 అంటే మన చెవికి ఒక స్వరం.

దీనికో లెక్క ఉంది. మొదటి రెసిస్టర్‌కి, రెండోదాన్ని రెట్టింపు చేసి కలపండి. దాన్ని కెపాసిటర్ విలువతో గుణించండి. వచ్చినదానితో 1.44ని భాగిస్తే సెకనుకి ఎన్నిసార్లో వస్తుంది. ఈ లెక్కలో లేనిది చూడండి: బ్యాటరీ వోల్టేజీ. బ్యాటరీ నీరసించి ఏడు వోల్టులకి దిగితే, రెండు గీతలూ దానితోపాటే దిగుతాయి. నింపే బలం ఎంత తగ్గిందో, నింపాల్సిన ఎత్తూ అంతే తగ్గుతుంది. కూత సన్నబడుతుంది గాని స్వరం మారదు. ఈ చిప్పులో నాకు అన్నిటికంటే నచ్చేది అదే. ఉన్న బలంలో వాటాలు చూస్తుంది తప్ప, ఎంత బలం ఉందని అడగదు.

తర్వాత 104 తీసేసి 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాం. ట్యాంకు వెయ్యి రెట్లు పెద్దది, కాబట్టి పని వెయ్యి రెట్లు నెమ్మది. కూత ఆగిపోయింది. దాని బదులు టక్, టక్, టక్. నిండేటప్పుడు ఒకటి, ఖాళీ అయ్యేటప్పుడు ఒకటి. నిమిషానికి ఎనభై పైచిలుకు. ముగ్గురం స్పీకరు మీదకి వంగి విన్నాం. మంచం మీద నుంచి పెదనాన్న అన్నాడు, "గుండెకాయ పెట్టీసినావేటి రా డబ్బాలో?"

పిల్ల ఏమీ అనలేదు కాసేపు. మల్టీమీటరు ముల్లు ఆరు దాకా ఎక్కడం, మూడు దాకా దిగడం చూస్తోంది. చివరికి తాత వినకుండా, గొంతు తగ్గించి, "తాతలాగే కదా సిన్నాన. నిండతాది, పలాసలో తీసెస్తారు, మల్లీ నిండతాది" అంది.

కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. డయాలసిస్ వాళ్లు కూడా రెండు గీతల మధ్యే బతుకుతారు. కింద గీతకి డాక్టర్లు పెట్టిన పేరు డ్రై వెయిట్, ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు. మిషను ఎక్కేటప్పుడు ఒక తూకం, దిగేటప్పుడు ఒక తూకం. పెదనాన్న ఒక్కోసారి మూడున్నర కిలోలు పెరిగి వెళ్లేవాడు. నాలుగు గంటల్లో అంత నీరు లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, ఇంటికొచ్చి ఆ రోజంతా మనిషి మనిషిలా ఉండడు. మిషను ఖాళీ చేసే వేగాన్ని మేం మార్చలేం. నిండే వేగం మాత్రం ఇంట్లో ఉంది, చెంబులో ఉంది.

అక్కడే ఈ ఆలోచన పుట్టింది. ఇంట్లో అందరూ ఆయనకి "వద్దు" అని చెప్పేవాళ్లే. "ఇప్పుడు తాగు" అని చెప్పేది ఏదైనా ఉంటే?

లెక్క వేశాం. ఇంట్లో ఉన్న అతి చిన్న స్టీలు గ్లాసు కొలిస్తే 50 మిల్లీలీటర్లు. లీటరుకి 20 గ్లాసులు. ఆయన తెల్లవారి అయిదుకి లేస్తాడు, రాత్రి తొమ్మిదికి పడుకుంటాడు. 16 గంటలంటే 960 నిమిషాలు. 20తో భాగిస్తే 48. నలభై ఎనిమిది నిమిషాలకి ఒక గ్లాసు. టీ తాగితే అదీ ఒక వంతు కిందే లెక్క.

"నలభై ఎనిమిదంటే రొండు గడియలు. ముహూర్తం" అంది పెద్దమ్మ వెంటనే, పెళ్లిళ్లు చేయించిన మనిషి కదా. నిజమే. గడియకి 24 నిమిషాలు, రోజుకి 60 గడియలు. గడియారాలు లేని కాలంలో గడియని కొలిచింది కూడా నీళ్లతోనే. అడుగున సన్నటి బెజ్జం ఉన్న రాగి గిన్నెని నీళ్ల తొట్టిలో వదిలేవారు. గడియకుడుక అనేవారు దాన్ని. బెజ్జంలోంచి నీరు ఎక్కి, సరిగ్గా గడియకి గిన్నె మునిగిపోయేది. అప్పుడు గంట కొట్టేవారు. నింపడానికో సన్నటి దారి, నిండినట్టు తెలిపే ఒక గీత, తెలియగానే ఒక శబ్దం. కామెన్‌జిండ్ చిప్పుకీ దీనికీ తేడా, గిన్నెని మళ్లీ ఖాళీ చేసి వదలడానికి ఒక మనిషి కావాలి. అంతే.

"ఫోన్లో అలారం పెట్టేస్తే అయిపోద్ది కదా?" అని పిల్ల అడిగింది. అడగాల్సిందే. ఇంట్లో మంచి ఫోను అన్నయ్యతోపాటు కాశీబుగ్గ వెళ్లిపోతుంది. అదొక్కటే కాదు. ఫోను అలారం గోడ గడియారాన్ని చూసి మోగుతుంది, ఆయన ఎప్పుడు తాగాడో దానికి పట్టదు. మాకు కావలసింది కిందటి గుక్క నుంచి లెక్కపెట్టేది. పైగా తిత్లీ తర్వాత రోజుల తరబడి కరెంటు లేక, ఫోన్లన్నీ నల్లరాళ్లయిపోవడం ఈ ఇంటికి గుర్తుంది.

48 నిమిషాలు ఒక్క 555తో కొలవడం కష్టం. అంత నెమ్మదిగా నిండాలంటే చాలా పెద్ద కెపాసిటర్ కావాలి, పెద్ద కెపాసిటర్లు కారతాయి. సన్నటి గొట్టంలోంచి నీరు వచ్చే వేగానికీ అడుగున కారే వేగానికీ సమానమైపోతే, ట్యాంకు ఎన్నటికీ పై గీత అందుకోదు. దీనికి మార్గం: చిన్న ట్యాంకునే చాలాసార్లు నింపి, ఎన్నిసార్లు నిండిందో లెక్కపెట్టడం. ఆ లెక్కపెట్టే చిప్పు సీడీ 4060. పదహారు కాళ్లు. దాని లోపల మెట్లుమెట్లుగా సగం చేసే అరలున్నాయి, పద్నాలుగు. ఒక్కో అర తన కింది అర రెండుసార్లు ఆడితే తాను ఒకసారి ఆడుతుంది. కింద 8192 టిక్కులు పడితే పద్నాలుగో అర మొదటిసారి పైకి లేస్తుంది. 48 నిమిషాలంటే 2880 సెకన్లు. 8192తో భాగిస్తే టిక్కుకి 0.35 సెకను. 0.47 మైక్రోఫారడ్ ప్లాస్టిక్ కెపాసిటర్ పెట్టాం, అది కారదు. దానికి 270 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దాంతో వరసగా స్క్రూడ్రైవరుతో తిప్పే 100 కిలో ఓమ్‌ల ప్రీసెట్.

ఇప్పుడు ఇందాక "ప్రస్తుతానికి" అని ప్లస్‌కి కట్టేసిన నాలుగో కాలు. 555కి అది గొంతు మీద చెయ్యి. దానికి వోల్టేజీ అందకపోతే చిప్పు మూగగా ఉంటుంది, అందితే కూస్తుంది. ఆ కాలిని ప్లస్ నుంచి విప్పి, 4060 పద్నాలుగో అరకి కట్టాం. ఒక చిప్పు లెక్కపెడుతుంది, ఇంకోటి మాట్లాడుతుంది. 4060 పన్నెండో కాలికి ఒక నొక్కుడు బటను పెట్టాం. అది నొక్కితే లెక్క మొత్తం సున్నాకి వస్తుంది, కూత ఆగుతుంది, మళ్లీ మొదటి టిక్కు పడుతుంది. నొక్కకపోతే ఇంకో 48 నిమిషాలు కూస్తూనే ఉంటుంది. మనిషి లేచి రావాల్సిందే.

ప్రీసెట్ సరిగ్గా తిప్పాలంటే ప్రతిసారీ 48 నిమిషాలు కాచుకోవాలా? అక్కర్లేదు. పదో అర 512 టిక్కులకే లేస్తుంది. 8192లో 512 సరిగ్గా పదహారో వంతు. అంటే పదో అరకి ఒక ఎల్‌ఈడీ తగిలించి, అది మూడో నిమిషానికి వెలిగేలా తిప్పుకుంటే చాలు, మిగతాది అరలే చూసుకుంటాయి. గోడ గడియారం కింద కూచుని పిల్ల ఇది పదకొండుసార్లు చేసింది. 2 నిమిషాల 51 సెకన్లు, 3 నిమిషాల 8 సెకన్లు, 2 నిమిషాల 57... పన్నెండోసారి సరిగ్గా మూడు. ఆ మొహం చూడాల్సింది.

కరెంటు ఖర్చు సంగతి కూడా చెప్పాలి. మామూలు 555 ఊరికే కూచున్నా కొన్ని మిల్లీఆంపియర్లు తాగుతూనే ఉంటుంది. మూడు రోజులకి బ్యాటరీ చచ్చిపోయింది. తర్వాత వచ్చినప్పుడు హైదరాబాదు నుంచి 7555 తెచ్చాను. కాళ్లు అవే, పని అదే, సీమాస్ రకం కాబట్టి మైక్రోఆంపియర్లతో బతుకుతుంది. దాని గొంతు స్పీకరుని ఊపేంత పెద్దది కాదని స్పీకరు తీసి పీజో బిళ్ల పెట్టాం. ఇప్పుడు ఒక బ్యాటరీ నెల దాటుతోంది.

ఆసుపత్రిలో సిస్టర్ని అడిగాకే ఇదంతా వాడకంలో పెట్టాం. ఆమె రెండు మాటలు చెప్పింది. రోజు మొత్తం లీటరు దాటకపోవడమే ముఖ్యం, ఎన్ని వాయిదాల్లో అన్నది మీ ఇష్టం. రెండోది, ఉప్పు తగ్గించకుండా దాహం తగ్గదు. సముద్రం ఒడ్డున ఉప్పుచేప మానడమంటే ఏమిటో ఆమెకీ తెలుసు, చిన్నగా నవ్వింది. పెద్దమ్మ ఆ వారమే ఎండుచేపల జాడీ పక్కింటికి ఇచ్చేసింది. తర్వాత రెండు వారాల్లో పెదనాన్న రెండున్నర కిలోలకి మించి పెరగలేదు. అందులో డబ్బా వాటా ఎంతో, జాడీ వాటా ఎంతో విడదీసి చెప్పే మీటరు నా దగ్గర లేదు.

ఇంట్లో మారిన సంగతి ఒకటి మాత్రం కచ్చితంగా చెప్పగలను. మొదటి రోజు పదింటికి పెదనాన్న అడిగాడు, "ఏటే గుంటా, ఇంకా కుయ్యలేదేటే నీ డబ్బా?" ఇంకా ఏడు నిమిషాలుందని పిల్ల చెప్పింది. ఆ ఏడు నిమిషాలూ ఆయన జీడిచెట్ల గురించి మాట్లాడాడు. డబ్బా కూసింది. ఆయన లేచాడు, బటను నొక్కాడు, గ్లాసు నింపుకున్నాడు, వాకిట్లో అందరి ముందూ నిలబడి తాగాడు. పెద్దమ్మ చూస్తూ కూచుంది. ఎన్నో నెలల తర్వాత ఆయన నీళ్లు తాగుతుంటే ఆమె ఏమీ అనలేదు.

నాలుగో రోజు నుంచి ఆయన డబ్బాతో బేరం మొదలుపెట్టాడు. కూస్తే బటను నొక్కుతాడు గాని తాగడు. గోడ మీద బొగ్గుతో ఒక గీత గీస్తాడు. సాయంత్రానికి మూడు గీతలు పోగవుతాయి. తోట వేపు నుంచి గాలి తిరిగే వేళకి, నాలుగో కూతకి, పెద్ద గ్లాసుతో రెండొందల మిల్లీలీటర్లు ఒక్కసారే తాగుతాడు. "దాసుకున్నాను" అంటాడు. లెక్క తప్పలేదు, లీటరు దాటలేదు. మేం ఆయనకి పర్మిషను ఇచ్చే మిషను చేశామనుకున్నాం. ఆయన దాన్ని పొదుపుల డిబ్బీ చేసుకున్నాడు.

డయాలసిస్ వాళ్లకి చేతిలో ఇంకో శబ్దం ఉంటుంది. ముంజేతిలో ధమనినీ సిరనీ కలిపి కుట్టే ఫిస్టులా. సూదులు గుచ్చేది అక్కడే. రక్తం జోరుగా వెళ్తుంటే ఆ చోట వేలు పెడితే జివ్వుమని తగులుతుంది, చెవి పెడితే ఝుమ్మని వినిపిస్తుంది. రోజూ చూసుకోమంటారు. ఆ ఝుమ్ము ఆగితే గడ్డకట్టినట్టు, వెంటనే పరిగెత్తాలి. అంటే ఆ చేతిలో భయపడాల్సింది నిశ్శబ్దానికి. పిల్లకి ఈ సంగతి తెలిశాక రోజూ పొద్దున తాత చెయ్యి చెవికి ఆనించుకుని వినడం మొదలుపెట్టింది. "ఎంత ఉంటాది సిన్నాన ఇది, సెకనుకి?" అని అడిగింది. ఆ శబ్దం ఒకే స్వరం కాదని, గుండె కొట్టినప్పుడల్లా లేచి పడుతుందని చెప్పాను. "అయితే ఇది కూడా బాగున్నట్టే కూత" అంది.

కూత అంటే ఏదో అయిందని అర్థం కాదు. కూత అంటే ఒక ట్యాంకు ఒక గీతని ముట్టుకుంది. ఆ గీత ఎక్కడ గీశారో, ఎవరు గీశారో తెలియనంత కాలం భయం. డయాలసిస్ మిషనులోనూ గీతలే ఉన్నాయి, ఇంత ఒత్తిడి దాటితే కూయమని ఎవరో ఇంజనీరు పెట్టినవి. పెద్దమ్మ ఈమధ్య పలాసలో మిషను కూసినప్పుడు తల తిప్పి, "ఏ గీత ముట్టినాది సిస్టరమ్మా?" అని అడిగిందట. సిస్టర్ మొదట తెల్లబోయి, తర్వాత స్క్రీను మీద ఒత్తిడి అంకె చూపించి చెప్పిందట. ఆ అంకె తగ్గితే చెయ్యి మడత పడిందేమో ముందు తనే చూస్తోంది ఇప్పుడు.

సైన్స్ ఫెయిర్‌లో మా డబ్బాకి బహుమతి రాలేదు, అగ్నిపర్వతానికి వచ్చింది. కాని ఆ మర్నాడు, ఎండుచేపల జాడీ తీసుకున్న పక్కింటావిడ వచ్చి వాకిట్లో నిలబడింది. వాళ్లాయన కూడా వారానికి రెండుసార్లు పలాస బస్సెక్కేవాడే. జాడీ వాపసు తెచ్చింది.

"మా ఇంట్లో కూడా ఇది ఉండకూడదట. ఆ డబ్బా ఒకటి మాకూ సేసిపెట్టవే తల్లీ. మా ఆయనకి ముప్పావు లీటరే అన్నాడు డాక్టరు."

పిల్ల నన్ను అడగలేదు. నోట్‌బుక్ తెరిచి రాసుకుంది. ముప్పావు లీటరుకి 15 గ్లాసులు. 960ని 15తో భాగిస్తే 64 నిమిషాలు. అందులో పదహారో వంతు నాలుగు. 270 రెసిస్టర్ పక్కన పెట్టి, డబ్బాలో వెతికి, 390 తీసింది. గోడ గడియారం కింద పీట వేసుకుని కూచుంది, ఎల్‌ఈడీ నాలుగో నిమిషానికి వెలగడం కోసం.